బొమ్మ దొరికినవాళ్ళ వంతు

మా అమ్మ ఫోందాలో, అంటే ఆమె నడిపే పూటకూటింట్లో, పండుగ రొట్టె రొస్కాను ఎవరి ముక్క వాళ్ళే కోసుకోవాలి. ఒకరు కోసి ఇంకొకరికి ఇవ్వకూడదు. కత్తికి లోపల దాచిన చంటిపిల్లాడి బొమ్మ తగిలినట్టు అనిపించినా కత్తిని పక్కకు జరపకూడదు. ఈ నియమాలు దోన్ ఫెర్మిన్ పెట్టినవి. ఆయన పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. పంచడానికి ఉత్తరాలు లేకపోయేసరికి మాకు నియమాలు పంచేవాడు.

రొస్కాలో ఒక్క బొమ్మే ఉండాలన్నది కూడా ఆయన మాటే. బయట బేకరీల్లో మూడేసి, నాలుగేసి పెడతారు.

"నలుగురికి దొరికితే ఎవరికీ దొరకనట్టే. ఒకడు తెస్తాడులే అని ఇంకొకడు ఊరుకుంటాడు. కందెలారియా నాడు అందరం చేతులూపుకుంటూ వచ్చి ఒకరి మొహాలొకరం చూసుకుంటాం," అనేవాడు.

ముగ్గురు రాజుల పండుగ నాడు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు కందెలారియాకు, అంటే ఫిబ్రవరి రెండున, అందరికీ తమాలెలు, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, పెట్టాలి. మా ఊరు హలాపాలో పుట్టినవాడెవడూ దీన్ని కాదనడు. తప్పించుకోవాలని చూస్తారు, అది వేరే సంగతి. బొమ్మను బుగ్గన పెట్టుకుంటారు, రుమాల్లో చుడతారు, పక్కవాడి ముక్కలోకి తోస్తారు. ఎదురుగా ఉన్న నోటరీ ఆఫీసులో ఒకాయన ఏకంగా మింగేశాడు. మా అమ్మ ఆయన్ను ఏడాది పొడుగునా వదల్లేదు. "ఆయనకు సూప్ ఎక్కువ పొయ్యకే, కడుపులో చంటిపిల్లాడు మునిగిపోతాడు," అని అందరూ వినేటట్టు నాతో అనేది.

ఆ ఏడాది బొమ్మ ఎవరికీ దొరకలేదు.

అంతకు ముందు, క్రిస్మస్ రోజుల్లో, ఇంటి యజమాని కొడుకు వచ్చాడు. తండ్రి పోయాక అద్దెల వ్యవహారం అతని చేతికి వచ్చింది. బడికి వెళ్ళే రోజుల్లో మా దగ్గరే తినేవాడు. ఆ రోజు కూడా కూర్చుని సూప్ తాగాడు, అన్నం తిన్నాడు, కూర తిన్నాడు, మొక్కజొన్న రొట్టెతో పళ్ళెం తుడిచాడు. తర్వాత, జనవరి ఆఖరుకు ఖాళీ చెయ్యాలని అమ్మతో చెప్పాడు. పర్యాటకులకు గదులు కడతాడట. అమ్మ సరేనంది. అతనికి కాఫీ కూడా ఇచ్చింది.

మేమిద్దరం ఉండేది ఆ ఫోందా వెనక గదిలోనే. ఫోందా పోతే ఇల్లూ పోయినట్టే. అమ్మ మినతిత్లాన్‌లో పిన్ని దగ్గరికి వెళ్ళాలని, నేను ఇక్కడే గది తీసుకుని మందుల కొట్లో చేరాలని రెండు మాటల్లో తేల్చేసింది. మా పిన్ని ఇంట్లో వంట పిన్నిదే. ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానివ్వదు.

"ఎవరికీ చెప్పకు, ఓతీ," అంది అమ్మ నాతో.

"ఎందుకు?"

"చెబితే రోజూ దినం భోజనంలా ఉంటుంది. వచ్చినవాడల్లా చెయ్యి పట్టుకుంటాడు. నేను కూర కలపాలా, చేతులిస్తూ కూర్చోవాలా? ఆఖరి రోజున తలుపు వేసేద్దాం. మర్నాడు వచ్చి వాళ్ళే చూసుకుంటారు."

"దోన్ ఫెర్మిన్‌కైనా చెప్పవా?"

"ఆయనకు చెప్పడమంటే వీధిలో ప్రతి ఇంటికీ వేసి రావడమే. అలవాటు పోయేది కాదు."

రొస్కాను ఎప్పటిలాగే నికానోర్ తెచ్చాడు. అతను టాక్సీ నడుపుతాడు. వాళ్ళ వదినకు బేకరీ ఉంది. బయట చిపిచిపి వాన పడుతోంది. మా ఊళ్ళో జనవరిలో వాన కురవదు, గాలిలో వేలాడుతుంది. నికానోర్ రొస్కా మీద మేజా గుడ్డ కప్పి, తను తడుస్తూ తీసుకొచ్చాడు. మేజాలు రెండు కలిపాం. నేను కప్పుల్లో చాక్లెట్ పోశాను.

నోటరీ ఆఫీసు నుంచి బెరెనీస్ వచ్చింది. ఆమె లా చదివింది. దోన్ ఫెర్మిన్ ఆమెను లాయరమ్మా అని పిలుస్తాడు, ఎప్పుడైనా పని పడితే డబ్బు అడగదని. ఆ ఏడాది కొత్తవాడు ఒకడే, దోన్ ఎవరిస్తో. అతను అక్టోబరులో త్లస్కాలా నుంచి వచ్చి, వీధి దిగువన మూతపడిన బేకరీని అద్దెకు తీసుకున్నాడు. విరిగిన బాలయేసులను బాగుచేస్తాడు. వేళ్ళు అతికిస్తాడు, కళ్ళు పెడతాడు, బుగ్గలకు రంగు వేస్తాడు. కందెలారియా నాడు ఆడవాళ్ళు ఇంట్లో బాలయేసుకు కొత్త బట్టలు వేసి గుడికి ఎత్తుకెళతారు కాబట్టి జనవరి అంతా అతనికి పనే. మా దగ్గర మంచినీళ్ళ కుండ పక్కన బల్ల దగ్గర కూర్చునేవాడు. రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసుకుని తినేవాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అంతే.

దోన్ ఫెర్మిన్ మొదట కోశాడు. తర్వాత బెరెనీస్, నికానోర్, మిగిలినవాళ్ళు. ఎవరిస్తో సన్నగా కోసుకున్నాడు.

"మేస్త్రీ, అంత సన్నగా అయితే బొమ్మ పట్టదు. తెలివైనవాడివే," అన్నాడు నికానోర్.

నేను కోసుకున్నాను. చివర అమ్మ నిలబడే కోసుకుంది. ఒక కొరుకు కొరికి, పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవన్న సంగతి నాకు అప్పుడు తోచలేదు.

రొస్కా అయిపోయింది. బొమ్మ లేదు. దోన్ ఫెర్మిన్ పొడిని కూడా వేలితో కెలికాడు. నికానోర్ వదినకు ఫోన్ చేశాడు. నా చేతులతో పెట్టాను, నా పిల్లల మీద ఒట్టు అని ఆమె అరవడం మాకందరికీ వినిపించింది.

"అయితే మనలో ఎవరో కడుపుతో ఉన్నారు," అన్నాడు నికానోర్. "ఎన్నో నెల, దోన్ ఫెర్మిన్?"

"నెలలు నిండాక నీ టాక్సీలోనే పురుడు పోసుకుంటాను. సీటు కడుక్కోవలసింది నువ్వే," అన్నాడాయన.

అందరూ నవ్వారు. ఎవరిస్తో కూడా నవ్వాడు.

మర్నాటి నుంచి అదే మాట. ఎవరు లోపలికి వచ్చినా "పిల్లాడు దొరికాడా?" అనే పలకరింపు. మొదట ఒకళ్ళనొకళ్ళు అనుకున్నారు. బెరెనీస్ వాళ్ళ ఆఫీసుకు ఆ పేరు ముందే ఉందని నికానోర్ అన్నాడు. పక్కింటి ఉత్తరాలు చదివినవాడికి బొమ్మ దాచడం ఒక లెక్కా అని బెరెనీస్ దోన్ ఫెర్మిన్‌ను అంది. కానీ ఏళ్ళ తరబడి ఒకే బల్ల మీద తిన్నవాళ్ళను అనుమానిస్తే రుచి ఉండదు. నాలుగు రోజులకల్లా మాటలు నీళ్ళ కుండ వైపు తిరిగాయి.

"మేస్త్రీ," అన్నాడు దోన్ ఫెర్మిన్, సూప్‌లో నిమ్మకాయ పిండుకుంటూ. "మీ కొట్లో బాలయేసులు ఎంతమంది ఉంటారు?"

"చాలామంది, దోన్ ఫెర్మిన్."

"ఇంకొకడు వచ్చి చేరితే పోల్చుకోగలరా?"

"అది వృత్తి ధర్మం," అంది బెరెనీస్. "దిక్కులేని పిల్లాడు కనబడితే జేబులో వేసుకుని తీసుకెళ్ళాలి."

"త్లస్కాలాలో తమాలెలు చెయ్యరేమో పాపం," అన్నాడు నికానోర్.

ఎవరిస్తో మొదట నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఆ తర్వాత పళ్ళెంలోంచి తల ఎత్తడం మానేశాడు. ఇది ముదురుతోందని నాకు తెలుస్తోంది. అమ్మ కలగజేసుకుంటుందేమోనని చూశాను. మామూలుగా అయితే ఆమె ఒక్క మాటతో ముగ్గురి నోళ్ళూ మూయించేది. ఆ రోజుల్లో వంటింట్లోంచి బయటికి రావడమే తగ్గించింది.

ఒక మధ్యాహ్నం, దోన్ ఫెర్మిన్ కుర్చీ వెనక్కి వాల్చి, "మేస్త్రీ, పోనీ ఒక సాయం చెయ్యండి. వాడికి బట్టలైనా కుట్టించారా, చలిలో వదిలేశారా?" అన్నాడు.

ఎవరిస్తో చెంచా కింద పెట్టాడు. లేచి దోన్ ఫెర్మిన్ బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. తాళంచెవి. గరుకు కాగితం. దారపు ఉండ. రుమాలు విప్పితే అందులో గాజు కన్ను, ఒక చిటికెన వేలు. వేలు మొక్కజొన్న గింజంత ఉంది. ఖాళీ జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు.

"కన్ను గుడి వీధి సెన్యోరాది. వేలు వాళ్ళ చెల్లెలిది," అన్నాడు. "నావి కావు. సాయంత్రానికి ఇవ్వాలి, అందుకని దగ్గరుంచుకున్నాను."

అతను అన్నీ తిరిగి జేబుల్లో వేసుకున్నాడు. వేలిని చివర, రుమాల్లో చుట్టి పెట్టుకున్నాడు. టోపీ తీసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"తిన్నది ఒంటబట్టాలి," అన్నాడు.

లేచి వెళ్ళేవాళ్ళు కూర్చుని తినేవాళ్ళతో ఆ మాట అనకుండా వెళ్ళరు. ఎంత కోపంలో ఉన్నా అనాలి. అతను అన్నాడు. అతని అన్నం సగం అలాగే ఉంది.

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కూర చుక్కలు నేల మీద పడుతున్నాయి.

అతను మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"కోపం వచ్చిందంటే ఏదో ఉన్నట్టే," అన్నాడు దోన్ ఫెర్మిన్. గొంతులో మునుపటి ఊపు లేదు.

"లేకపోతే మనం ఎక్కువ చేసినట్టు," అంది బెరెనీస్.

నీళ్ళ కుండ పక్కన బల్ల ఖాళీగా ఉండేది. చోటు లేక కొత్తవాళ్ళు అక్కడ కూర్చోబోతే అమ్మ వేరే బల్ల చూపించేది. రోజూ ఒక పళ్ళెం సూప్ ఎక్కువ వడ్డించి, మళ్ళీ గిన్నెలో పోసేసేది. రెండుసార్లు రొట్టెలు మాడ్చింది. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆ చేతిలో రొట్టె మాడటం చూడలేదు.

ఆదివారం ఉతుకుడు. అమ్మ ఆప్రాన్ జేబుల్లో ఎప్పుడూ అగ్గిపుల్లలు, వెల్లుల్లి పొట్టు ఉంటాయని ముందు నేను జేబులు తిరగేస్తాను. అగ్గిపుల్లల కింద బొమ్మ ఉంది. తెల్ల ప్లాస్టిక్ బొమ్మ, గోరంత మొహం, మోకాళ్ళు మడుచుకుని ఉంది. తల మీద పంటి గాటు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ బీన్స్ ఏరుతోంది. చూసింది. ఏరడం ఆపలేదు.

"నీ ముక్కలో వచ్చిందా?"

"మరి ఎవరి నోట్లోంచి నా జేబులోకి వస్తుంది?"

"చెప్పొచ్చు కదమ్మా."

"ఏమని? కందెలారియా నాటికి మనం ఇక్కడ ఉండం. బొమ్మ నాకొచ్చిందంటే ఊరుకుంటారా? పంది మాంసంతోనా, కోడితోనా అంటారు. ఎన్నింటికి రమ్మంటావంటారు. రోజూ అడుగుతారు. రోజూ వాళ్ళ మొహం మీద అబద్ధం చెప్పనా?" ఒక రాయి తీసి పక్కన పడేసింది. "నోట్లో తగలగానే అదే తోచింది. ఏ ముక్కలోనూ రాలేదనుకుంటారు, బేకరీ ఆమెను రెండు రోజులు తిట్టి మర్చిపోతారు అనుకున్నాను."

"దోన్ ఎవరిస్తో..."

"నాకు తెలుసు," అంది.

బీన్స్ అన్నీ ఏరి పళ్ళెం పక్కన పెట్టింది. తర్వాత, "రేపు గంగవాయిల కూరతో పంది మాంసం వండుతాను. అతను రొట్టె అంచుతో గిన్నె అడుగు దాకా తుడిచి తిన్నది అదొక్కటే," అంది.

మర్నాడు మధ్యాహ్నం రద్దీ మొదలవకముందే బయల్దేరాం. అమ్మ గిన్నెను గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చింది. తను మా బాలయేసును శాలువాలో చుట్టుకుని ఎత్తుకుంది. వాడి కాలి బొటనవేలు నా చిన్నప్పుడే విరిగింది. ఏటా బాగుచేయిద్దాం అనుకోవడం, మానెయ్యడం. వాన పడుతోంది. అమ్మ శాలువా అంచును బొమ్మ మొహం మీదికి లాగింది.

పాత బేకరీ ముందు గదిలో ఆడవాళ్ళు బారు తీరి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిడ్డ. గోడ పొడుగునా అరల నిండా బాలయేసులు. చేతులు లేనివాళ్ళు, ముక్కు పోయినవాళ్ళు, బట్టతలవాళ్ళు. ప్రతి బిడ్డ చీలమండకూ ఒక దారం, దానికి తల్లి పేరు రాసిన చీటీ. వెనక రొట్టెల బట్టీ చల్లగా ఉంది. దాని పక్కన బేకరీవాళ్ళు వదిలేసిపోయిన నాలుగు మంటల ఇనప పొయ్యి ఉంది. అందులో ఒక మంట మీద రేకు డబ్బాలో జిగురు కాగుతోంది. మిగతా మూడింటి మీద కుంచెలు ఆరబెట్టి ఉన్నాయి. అమ్మ చూపు ఆ పొయ్యి మీద కాసేపు ఆగింది. పొయ్యి మీద కుంచెలు పెట్టినందుకు అనుకున్నాను.

మా వంతు వచ్చింది. ఎవరిస్తో మమ్మల్ని చూసి స్టూలు మీంచి లేచాడు.

"భోజనానికి రావడం లేదు," అంది అమ్మ.

"పని ఎక్కువగా ఉంది, దోన్యా తాచా."

"పని ఉన్నవాడే తినాలి."

నేను గిన్నె బల్ల మీద పెట్టాను. అమ్మ శాలువా విప్పి మా బాలయేసును పడుకోబెట్టింది. తర్వాత ఆప్రాన్ జేబులోంచి ప్లాస్టిక్ బొమ్మను తీసి వాడి పక్కన పెట్టింది.

ఎవరిస్తో కళ్ళద్దాలు సరిచేసుకుని ముందు దాన్నే తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తల మీద పంటి గాటును గోటితో తడిమాడు.

"దీనికేమీ విరగలేదు," అన్నాడు.

"అవును," అంది అమ్మ. "ఆ రోజు నా ముక్కలోనే వచ్చింది. నేనే దాచాను. మీరు జేబులు తీసి చూపిస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను."

వెనక వరసలో ఆడవాళ్ళు మెడలు చాచారు. అతను ఎందుకని అడుగుతాడని నేను అనుకున్నాను. అడగలేదు. ప్లాస్టిక్ బొమ్మను అమ్మ అరచేతిలో పెట్టి, మా బాలయేసు పాదం అందుకున్నాడు.

"వేలు కొత్తది చెయ్యాలి. ఎప్పటికి కావాలి?"

అది అతను అందరినీ అడిగే ప్రశ్న. అందరూ చెప్పే జవాబు ఒకటే. అమ్మ అరల మీద బిడ్డలను చూసింది, వాళ్ళ కాళ్ళకు కట్టిన పేర్లను చూసింది.

"కందెలారియాకు," అంది.

అతను దారం తెంపి, మా వాడి చీలమండకు కట్టి, చీటీ మీద అమ్మ పూర్తి పేరు, అనస్తాసియా అని రాశాడు.

దారిలో నేను, "అప్పటికి మనం ఉండం కదా," అన్నాను.

"ఉంటాం," అంది అమ్మ.

ఆ మధ్యాహ్నం ఆమె సూప్ వడ్డిస్తూ వడ్డిస్తూ దోన్ ఫెర్మిన్ బల్ల దగ్గర ఆగింది. ఉప్పు గిన్నె పక్కన బొమ్మను పెట్టింది.

"నాకొచ్చింది. దాచుకున్నాను. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి చెప్పి వచ్చాను."

నికానోర్ బొమ్మను చూశాడు, అమ్మను చూశాడు. "దోన్యా తాచా, మీరా? బొమ్మ మింగినవాడికి సూప్ తగ్గించిన మనిషి మీరు."

"నేనే. నెలాఖరుకు ఈ చోటు ఖాళీ చెయ్యాలి. అందుకని దాచాను. తమాలెలు కందెలారియా నాడు ఇక్కడే ఉంటాయి. తాగండి, సూప్ చల్లారిపోతుంది."

అమ్మ భయం ఉత్తదే. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. బెరెనీస్ మాత్రం అద్దె కాగితాలు చూపించమంది. చూసి, ఆ రోజంతా ఇంకో జోకు వెయ్యలేదు. దోన్ ఫెర్మిన్ సూప్ వదిలేసి లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. తిన్నది ఒంటబట్టాలి అనడం కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే వీధి దిగుతున్నాడు.

పాత బేకరీ ముందు ఆయనను ఆడవాళ్ళు లోపలికి పోనివ్వలేదట. చేతిలో బిడ్డ లేనివాడికి ఇక్కడేం పని, వరసలో నిలబడు అన్నారట. ఇన్నేళ్ళూ ప్రతి గుమ్మంలోకీ చొరవగా వెళ్ళిన మనిషి, ఉత్త చేతులతో వరస చివర నిలబడ్డాడు. వంతు వచ్చాక ఏమన్నాడో ఆయనా చెప్పలేదు, ఎవరిస్తో కూడా చెప్పలేదు. మర్నాడు ఎవరిస్తో వచ్చేసరికి దోన్ ఫెర్మిన్ తన కుర్చీని నీళ్ళ కుండ పక్కకు లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"రొట్టెను ఇంత చిన్న ముక్కలు చేస్తే పిచ్చుకలకు పెట్టినట్టుంటుంది, మేస్త్రీ," అన్నాడు.

"పళ్ళు సరిగా లేవు, దోన్ ఫెర్మిన్."

"బిడ్డలకు కళ్ళు పెట్టేవాడివి, పళ్ళు పెట్టుకోలేవా?"

ఎవరిస్తో నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి విని, రొట్టెలు తిరగేసింది.

తాళంచెవి ఫిబ్రవరి మూడున ఇస్తానని అమ్మ యజమాని కొడుకుకు కబురు పెట్టింది. అతను గొణుగుతూ వచ్చాడు. కాసేపు నిలబడి, "ఆ తమాలెలు నాకూ ఉంటాయా?" అన్నాడు. నియమం ప్రకారం రొస్కా తిన్నవాళ్ళకే అని దోన్ ఫెర్మిన్ అందుకున్నాడు. "వస్తే ఉంటాయి," అంది అమ్మ.

నెలాఖరున పాత సామాన్లవాడు లారీ తెచ్చి బల్లలు, కుర్చీలు, ఫ్రిజ్ పట్టుకుపోయాడు. గోడకు కట్టిన గట్టు, ఆవిరికి ఉడికించే పెద్ద గిన్నె, ఒక పొయ్యి మిగిలాయి. అరటాకులు మంట మీద వాడ్చి, మొక్కజొన్న పిండిలో పంది కొవ్వు గిలకొట్టి పెట్టుకున్నాం. ఆఫీసు అయ్యాక బెరెనీస్ వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంది. ఆమె చుట్టిన మొదటి పొట్లాన్ని అమ్మ విప్పేసింది.

"ఇది తమాల్ కాదు లాయరమ్మా, కేసు కాగితాల కట్ట. ఆకు మడత పెట్టు, దావా వెయ్యకు."

కందెలారియా నాడు మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. కూర్చునే చోటు లేదని తెలుసు కాబట్టి ఎవరి ఆసనం వాళ్ళు తెచ్చుకున్నారు. దోన్ ఫెర్మిన్ ఇంట్లోంచి మడత స్టూలు తెచ్చాడు. బెరెనీస్ ఆఫీసు చక్రాల కుర్చీని వీధికి అడ్డంగా దొర్లించుకుంటూ వచ్చింది. నికానోర్ టాక్సీ వెనక సీటు ఊడదీసి గోడ వారగా వేశాడు. యజమాని కొడుకు వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, నికానోర్ సీటులో కాస్త జరిగాడు.

అమ్మ ఆవిరి గిన్నె మూత తీసింది. అందరూ ఆకులు విప్పారు. మా మూట, పెట్టె వెనక గది గుమ్మంలో తాడు కట్టి ఉన్నాయి. ఎవరూ అటు చూడటం లేదు. గట్టు మీద సాసరులో ప్లాస్టిక్ బొమ్మ కూర్చుని ఉంది.

ఎవరిస్తో ఆలస్యంగా వచ్చాడు. బిడ్డలందరినీ తల్లులకు అప్పజెప్పి వచ్చాడు. చివరివాడు మా వాడే. చంకలో శాలువాతో తెచ్చాడు. అమ్మ శాలువా విప్పింది. వాడికి తెల్ల అంగీ వేసి ఉంది. అంగీ మేం చెప్పలేదు. అమ్మ అంగీ సంగతి ఎత్తకుండా, కాలి వేళ్ళన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"ఏది కొత్తదో తెలియడం లేదు," అంది.

"తెలియకూడదు," అన్నాడు ఎవరిస్తో.

ఎవరిస్తో ఆ టాక్సీ సీటు అంచున కూర్చుని, రెండు తమాలెలు ఆకులో ఏమీ మిగల్చకుండా తిన్నాడు. చేతులు తుడుచుకుని లేచాడు. గట్టు దగ్గరికి వెళ్ళి సాసరులో బొమ్మను తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

దోన్ ఫెర్మిన్ నమలడం ఆపాడు. "మేస్త్రీ. అందరూ చూస్తుండగానే?"

"అందరూ చూడాలనే."

"అది మీ ముక్కలో రాలేదు కదా."

"ఇప్పుడు నా దగ్గరుంది. ఎవరి దగ్గరుంటే వంతు వాళ్ళది. అంతేనా?"

దోన్ ఫెర్మిన్ ఆలోచించాడు. నియమంలో ఎక్కడా అడ్డం దొరకలేదు. "అంతే," అన్నాడు.

"అయితే ఈసారి పెట్టాల్సింది నేను. నాకు వంట రాదు. జిగురు కాచడం ఒక్కటే వచ్చు." అతను టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. అమ్మ వైపు చూడటం లేదు. "బిడ్డల పని ఇవాళ్టితో అయిపోయింది. మళ్ళీ డిసెంబరు దాకా ముందు గది ఖాళీయే. మేడ మీద కూడా ఒక గది ఉంది."

బెరెనీస్ తన కుర్చీ చక్రాన్ని కాలితో ముందుకూ వెనక్కీ కదుపుతోంది. యజమాని కొడుకు తన అరటాకును మడిచి, మళ్ళీ మడిచాడు. బయట ఆడవాళ్ళు బిడ్డలకు గొడుగులు పట్టి గుడి నుంచి తిరిగి వస్తున్నారు.

అమ్మ బాలయేసును నా చేతికిచ్చింది. ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంది.

"మీ పొయ్యికి నాలుగు మంటలు కదూ?"

"నాలుగు. ఒకటి సరిగ్గా మండదు."

"ఏది?" అంది అమ్మ.